ఆరున్నొకటి

బాగేపల్లి వేరుశనగ మండీలో నలభై నాలుగేళ్ళు లెక్క చెప్పిన మునికృష్ణప్ప మొదటి రోజు తప్ప మళ్ళీ ఒక్కనాడు కూడా 'ఏడు' అనలేదు. ఆ అంకె వచ్చేసరికి 'ఆరున్నొకటి' అనేవాడు. ఇరవయ్యేడో బస్తా అయితే 'ఇరవయ్యారున్నొకటి'. మండీలో అందరిదీ అదే మాట. మొదటి కొలతను లాభం అనాలి, ఏడో కొలతను ఆరున్నొకటి అనాలి. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, పంట తెచ్చి రాశి పోసిన రైతు ముందు ఆ మాట ఎవరు అంటారు? అయితే మిగతావాళ్ళు మండీ గేటు దాటగానే ఆ పట్టింపును అక్కడే వదిలేసి మామూలు మనుషులయ్యేవాళ్ళు. మునికృష్ణప్పకు అలా వదిలేయడం చేతకాలేదు.

దానికి కారణం ఒక చెంపదెబ్బ. పద్దెనిమిదేళ్ళ వయసులో పనికి చేరిన మొదటి రోజునే, సేరుతో కొలుస్తూ నోరు జారి ఏడు అన్నాడు. పెద్ద కొలతగాడు ఆంజనేయప్ప పదిమందిలో చెంప పగలగొట్టి, "రాశి ముందర నిలబడుకోని ఏడుమంటావేరా?" అని అరిచాడు. ఆ దెబ్బతో ఆ మాట నోట్లోంచి రాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. ఊరు కర్ణాటకలోదే కాబట్టి, ఏడాది అనడానికి కూడా భయపడి కన్నడంలో ఏడాదికున్న 'వర్ష' అనే మాట వాడేవాడు. పెళ్ళయిన కొత్తలో భార్య పుట్టమ్మ దీన్ని పట్టుకుని ఆయన్ను ఆటపట్టించేది. "వారానికి దినాలెన్ని?" అని అడిగి, ఆరున్నొకటి అనగానే పకపకా నవ్వేది.

ఆ పుట్టమ్మ పోయినప్పుడు ఆయన కంట్లో నీటిచుక్క రాలేదు. "ఏడువప్పా, ఏడిస్తే రవ్వంత తగ్గుతాది," అని ఆడవాళ్ళు ఎంత చెప్పినా గోడకానుకుని అలాగే కూర్చున్నాడు. మండీ దుమ్ము మనిషిని ఎండబెట్టేసిందని ఊళ్ళో అనుకున్నారు. మనుషులు అనుకోవడానికేం, ఏదైనా అనుకుంటారు. ఆయనకు లోపల ఏం జరుగుతోందో అడిగినవాళ్ళు లేరు, అడిగినా చెప్పేవాడు కాదు.

కరెంటు కాటా వచ్చాక అంకెలు దాని ముఖం మీదే ఎర్రగా వెలగడం మొదలైంది, లెక్క చెప్పేవాడి గొంతుతో పని లేకపోయింది. పిల్లలు లేరు. చెల్లెలు మునిరత్నమ్మ చింతామణి నుంచి వచ్చి, "మా ఇంటికి రా అన్నా, ఒక్కడివే ఏం చేస్తావు ఈడ?" అని బట్టల సంచీతో సహా తీసుకుపోయింది. మునిరత్నమ్మ భర్త ఎప్పుడో పోయాడు. ఆమెకు ఒక్కడే కొడుకు, నాగరాజ్. అక్కడే ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. నలభై రెండేళ్ళొచ్చినా ఇంకా తాత్కాలికపు ఉద్యోగమే. పర్మనెంట్ కానివాడికి పిల్లనెవరిస్తారని అడిగి అడిగి మునిరత్నమ్మ కూడా అలసిపోయి ఊరుకుంది. డాక్టరేట్ వస్తే పర్మనెంట్ చేస్తామని కాలేజీవాళ్ళు మాటిచ్చారు. యూనివర్సిటీ ఇచ్చిన గడువు 2007 జూన్ నెలాఖరుకు ముగుస్తుంది. ఆ ఇంట్లో ఆశ అనేది ఏదైనా ఉంటే అది ఆ తేదీకే వేలాడుతోంది.

"నువ్వు రాసేది దేని గురించప్పా?" అని ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మునికృష్ణప్ప అడిగాడు.

"ఆకాశం సాగుతాండాది మామా. అది అన్ని పక్కలా ఒకే మాదిరి సాగుతాండాదా లేదా అని చూస్తాండా."

"యాడికి సాగుతాండాది?"

"యాడికీ కాదు. ఊరికే సాగుతాండాది." నాగరాజ్ చాలా రోజుల తర్వాత నవ్వాడు. "కొన్ని చుక్కలు సచ్చేటప్పుడు పేలిపోతాయి. అందులో ఒక జాతివి యాడ పేలినా ఇంచుమించు ఒకే వెలుగుతో పేల్తాయి."

"ముద్ర కొట్టిన సేరు మాదిరి."

నాగరాజ్ ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. "అదే మామా! ముద్ర కొట్టిన సేరే. వెలుగు ఎంతో ముందే తెలుసు కాబట్టి, ఎంత మసకగా కనపడితే అంత దూరమని లెక్క. ఇంక ఆ వెలుగు దారిలో ఎంత ఎర్రబడిందో చూస్తే, మధ్యలో ఆకాశం ఎంత సాగిందో తెలుస్తాది. ఉత్తరం పక్క చుక్కలు, దక్షిణం పక్క చుక్కలు వేరే వేరేగా పెట్టి చూడాల. రెండు పక్కలా లెక్క ఒకటే వస్తే సమానం. రాలేదంటే..."

"నేల వాలుగా ఉండాదని. వాలు నేల మీద రాశి పోస్తే ఒక పక్కకే జారుతాది."

పిల్లలకు పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి, ఎనిమిదో తరగతి దాటని మామ ముందు అలా కళ్ళప్పగించి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరూ ఆ పరిశోధనను 'వాలు' అనే పిలుచుకున్నారు. మునికృష్ణప్పకు మండీ వదిలిన తొమ్మిదేళ్ళ తర్వాత తనకు కూడా ఒక పని ఉన్నట్టు అనిపించింది.

నిజంగానే పని వచ్చింది. నాగరాజ్ బెంగళూరు లైబ్రరీల్లో తిరిగి, ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో అచ్చేసిన పట్టికలను జెరాక్స్ తీసుకొచ్చాడు. వాటిని కంప్యూటర్లో ఎక్కించాలి. బస్టాండు పక్కన డి.టి.పి. సెంటర్లో వినుత అనే ఆమె టైపు చేసేది. ముప్పై దాటిన మనిషి, కన్నడం మాట్లాడే తుమకూరు వైపు నుంచి కోడలిగా వచ్చింది, తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది. ఒకరు చదువుతుంటే ఆమె తలెత్తకుండా కొట్టేది. ఉత్తరం పక్క తొంభై ఆరు చుక్కలను నాగరాజే చదివి ఎక్కించాడు. ఇంతలో 2006 ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దడానికి బెంగళూరులో నెల రోజులు ఉండాల్సి వచ్చింది. దక్షిణం పక్క తొంభై ఒక్క చుక్కలు అలాగే ఉండిపోయాయి.

"నేను చదువుతా," అన్నాడు మునికృష్ణప్ప. "అంకెలేగా."

దూరాల వరుసను నాగరాజ్ తనే ముందుగా కొట్టి పెట్టుకున్నాడు కాబట్టి, మిగిలింది ఎరుపు చెప్పే అంకెల వరుస ఒక్కటే. సున్న, చుక్క, ఆ తర్వాత మూడు నాలుగు అంకెలు. మునికృష్ణప్ప ఉతికిన పంచె కట్టుకుని, ఆపరేషన్ చేయించుకున్న కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం సెంటర్‌కు వెళ్ళేవాడు. మొదటి రోజు కాగితం ఎత్తిపట్టి గొంతు సవరించుకుని "సున్న, చుక్క, సున్న, లాభం!" అన్నాడు.

వినుత చేతులు ఆగిపోయాయి. "ఏమన్నారప్పా?"

"లాభమంటే ఒకటమ్మా. మా మండీలో అట్లే అంటాం."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం ఫోన్లో నాగరాజ్‌కు కూడా చెప్పింది, అతనూ నవ్వాడు. ఒకటి గురించి అడిగారు కాబట్టి ఒకటి బాగుపడింది. మిగతా అంకెలన్నీ అందరికీ తెలిసినవే కదా అని ఎవరూ ఏమీ అడగలేదు.

కరెంటు పోయేది. వచ్చేది. కొట్టినదంతా పోతే ఆయన విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. మండీలో ఎలా చెప్పేవాడో అలాగే, ఒక్కో అంకెనూ విడదీసి, ఊపిరి తీసుకుని, గంట కొట్టినట్టు చెప్పేవాడు. జెరాక్స్ కోసం వచ్చినవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. తొంభై ఒకటీ పూర్తయ్యాక నాగరాజ్ ఫోన్లో, "ఇంకొకసారి మొదటినుంచి చదువు మామా, ఆ యమ్మ తెర మీద సరిచూసుకుంటాది," అన్నాడు. మళ్ళీ చదివాడు. ఆమె మళ్ళీ చూసుకుంది. ఆయన అన్నదీ తెర మీద ఉన్నదీ తు.చ. తప్పకుండా సరిపోయాయి. ఒక్క తప్పు కూడా దొరకలేదు.

అక్టోబరులో నాగరాజ్ ఇంట్లోకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మామా, వాలు ఉండాది!"

దక్షిణం పక్క ఆకాశం కొంచెం మెల్లగా సాగుతోంది. చాలా కొంచెమే. కానీ పొరపాటని కొట్టిపారేయలేనంత. యూనివర్సిటీలో అతని గైడు మొదట నమ్మలేదు, లెక్క నాలుగుసార్లు చేయించాడు, చివరకు నమ్మాడు. జనవరిలో బెంగళూరు సదస్సులో నాగరాజ్ దాని గురించి మాట్లాడాడు. పెద్ద పెద్దవాళ్ళు లేచి ప్రశ్నలడిగారట. అంకెలు ఎలా ఎక్కించారని ఒకాయన అడిగితే, రెండుసార్లు సరిచూశామని గట్టిగా చెప్పాడట. వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మునికృష్ణప్ప తలవంచుకుని చిన్నగా నవ్వుకున్నాడు. మునిరత్నమ్మ కైవారం గుడికి వెళ్ళి మొక్కుకుని వచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్యకు మళ్ళీ కబురు కూడా పంపింది, ఆశకు సిగ్గెక్కడిది!

మార్చిలో వినుత థీసిస్ చివర వేసే పట్టికలను అచ్చు తీసి ఇంటికి తెచ్చిచ్చింది. "మీ అంకెలప్పా," అని మునికృష్ణప్ప చేతిలో పెట్టింది. ఆమె వెళ్ళాక ఆయన వరండాలో కూర్చుని, దక్షిణం పేజీల్లో ఎరుపు వరుస మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దిగుతూ వచ్చాడు. తన గొంతు అచ్చులో ఉందన్న సంతోషం. మొదటి పేజీ అయింది. రెండో పేజీ సగానికొచ్చేసరికి వేలు నెమ్మదించింది. ఏదో వెలితిగా ఉంది. యాభై ఏళ్ళకు పైగా ఒక అంకెను తప్పించుకు తిరిగినవాడికి, ఆ అంకె ఎక్కడున్నా ముందే కనబడుతుంది. అక్కడ కనబడలేదు. మళ్ళీ పైనుంచి చూశాడు. తొంభై ఒక్క వరుసల్లో ఒక్క ఏడు కూడా లేదు.

లోపలికి వెళ్ళి జెరాక్స్ కాగితాలు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. జెరాక్స్‌లో సున్న, ఏడు, ఎనిమిది ఉన్నచోట అచ్చులో సున్న, ఆరు, ఒకటి, ఎనిమిది. ఏడు ఉన్న ప్రతిచోటా అంతే, ఆరు పక్కన ఒకటి. 'ఆరున్నొకటి' అని తను చెప్పాడు, ఆరు, ఒకటి అని ఆమె కొట్టింది. సరిచూసినప్పుడూ తను అదే చెప్పాడు, ఆమె అదే చూసింది. ప్రతిచోటా అంకె కొంచెం తగ్గింది. అందుకే దక్షిణం పక్క మెల్లగా సాగింది. ఆకాశంలో ఏ వాలూ లేదని, ఉన్న వాలంతా తన నోట్లోనే ఉందని ఆయనకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మనిషిని తప్పుపట్టడం తేలికే. అవతల నాగరాజ్ ఈలవేసుకుంటూ షేవింగ్ చేసుకుంటున్నాడు, ఆ ఇంట్లో ఈల వినపడి ఎన్నాళ్ళయిందో! ఎవరు చూస్తారు ఆ అంకెలు? చూసినా ఎవరికి తెలుస్తుంది? దక్షిణాన ఆకాశం రవ్వంత మెల్లగా సాగుతుందని నాలుగు పుస్తకాల్లో రాసుకుంటే చింతామణిలో ఎవరి కొంప మునుగుతుంది? రోజూ పొద్దున లేచి తనకు తనే ఇలా చెప్పుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ మండీలో ఆంజనేయప్ప మాట గుర్తొచ్చేది. కొలత తప్పినవాడు రాశి దగ్గర నిలబడకూడదని ఆయన అనేవాడు. అన్నం సయించలేదు. "ఒంట్లో బాగలేదా అన్నా?" అని మునిరత్నమ్మ అడిగితే ఎండలని చెప్పాడు.

థీసిస్ బైండింగ్‌కు ఇవ్వడానికి నాగరాజ్ చెప్పులేసుకుంటుంటే ఇక ఆగలేకపోయాడు.

"నాగరాజా, నిలుచుకో. దక్షిణం పక్క ఆరున్నొకటి లేదప్పా."

"ఆరున్నొకటేంది మామా?"

ఆయన జెరాక్స్ కాగితం తీసి ఏడు అంకె కింద గోరుతో గీశాడు. "ఇది. దీన్ని నేను ఆరున్నొకటి అంటా. ఆ యమ్మ ఆరు కొట్టి ఒకటి కొట్టింది. అన్నిచోట్లా."

నాగరాజ్ కాగితాన్ని చూశాడు. అచ్చును చూశాడు. చెప్పులు విప్పి వెనక్కి తిరిగి, థీసిస్ లోపల పెట్టేసి, ఆనక కాలేజీకి పోయి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆరు పక్కన ఒకటి ఉన్న వరుసలన్నీ దక్షిణం నుంచి తీసేసి లెక్క చేశాడు. వాలు లేదు. దక్షిణం, ఉత్తరం ఒకటే. తిరిగొచ్చేటప్పటికి ఎండ దిగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది మామా?"

"వారమాయ."

"వారం దినాలు లోపలే పెట్టుకోని ఎట్లుంటివి?" అన్నాడు నాగరాజ్. తిట్టి ఉంటే బాగుండేది. ఆ జాలి చూసి మునికృష్ణప్పకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

గైడు దగ్గరకు వెళ్ళొచ్చాడు. తేడా లేదన్నది కూడా ఫలితమేనని, కానీ ఇంతకంటే ఎక్కువ చుక్కలతో ఆ మాట ఇప్పటికే వేరేవాళ్ళు చెప్పేశారని, మూడు అధ్యాయాలు వాలు మీదే నిలబడ్డాయని, మొత్తం తిరగరాయాలంటే సంవత్సరమైనా పడుతుందని ఆయన అన్నాడు. యూనివర్సిటీ గడువు పెంచలేదు. జూన్ నెలాఖరు వచ్చింది, పోయింది. కాలేజీవాళ్ళు పర్మనెంట్ పోస్టుకు పత్రికలో ప్రకటన వేశారు. నాగరాజ్ ఆ ప్రకటన చదివి పేపరు మడిచి తల్లికి ఇచ్చాడు, ఆమె దాన్ని డబ్బాల కింద పరుచుకుంది. ఈల మళ్ళీ వినపడలేదు.

ఆ ఇంట్లో ఎవరూ మునికృష్ణప్పను ఒక్క మాట అనలేదు. మునుపటిలాగే చెంబుతో నీళ్ళిచ్చారు, అన్నం పెట్టారు. ఆయనకు అదే పెద్ద శిక్షయింది.

జూలైలో ఒకరోజు బజారులో వినుత ఎదురైంది. చూపు తప్పించబోయి, మనసొప్పక దగ్గరకొచ్చింది. "నేను కూడా అడిగుండాల్సిందప్పా. లాభం అడిగినా, ఇది అడగలే," అంది. ఆ వెంటనే, "నాగరాజ్ సారు సదస్సోళ్ళకి లెటర్ రాసినారు, నేనే టైపు చేసినా. నా పేపరు వాపసు తీసుకుంటాండా, అంకెలు ఎక్కించడంలో తప్పు జరిగింది, తప్పంతా నాదే అని రాయించినారు. మీ పేరు లేదు. నా పేరు కూడా లేదు," అంది.

మునికృష్ణప్ప బజారు మధ్యలో అలాగే నిలబడిపోయాడు. తన తప్పు ఇంకొకడు మోస్తున్నాడు, మోస్తున్నట్టు చెప్పను కూడా చెప్పలేదు. ఇంటికెళ్ళి పెట్టె అడుగునున్న జెరాక్స్ కాగితాలు తీశాడు. మర్నాడు మధ్యాహ్నం ఉతికిన పంచె కట్టుకుని సెంటర్‌కు వెళ్ళాడు.

"ఆ దక్షిణం పట్టిక తియ్యమ్మా. మళ్ళీ చదువుతా."

"ఇంకేమిటికప్పా? దాంతో సార్‌కి పని లేదు కదా."

"పని ఉన్నా లేకున్నా, కొలత తప్పుగా ఉండకూడదమ్మా. సరిచేసి వానికిద్దాం. వాడు దాన్ని ఏమన్నా చేసుకోనీ."

ఆమె ఫైలు తెరిచింది. ఆయన అద్దాలు తుడుచుకుని, కాగితం ఎత్తిపట్టాడు. ఈసారి ఒకటి వచ్చినచోట లాభం అనలేదు, ఒకటి అన్నాడు. మొదటి వరుస దాటింది. రెండోది దాటింది. మూడో వరుసలో సున్న, చుక్క, సున్న అన్నాక గొంతు ఆగింది. కాగితం మీద ఆ అంకె కొక్కెం లాగా నిలబడి ఉంది. వినుత చేతులు కీబోర్డు మీద కదలకుండా ఉన్నాయి. ఆమె తొందరపెట్టలేదు. యాభై నాలుగేళ్ళ కిందటి దెబ్బ ఇప్పుడు పడినట్టు ఆయన చెంప అదిరింది.

"ఏడు," అన్నాడు.

ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. తర్వాతి వరుసలో లేదు. ఆ తర్వాతి వరుసలో రెండున్నాయి. "ఏడు. ఏడు." మొదటి పేజీ అయ్యేసరికి ఆ మాట అంకెలా లేదు. పుట్టమ్మ పోయిన రోజున చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఏడువమని చెప్పినట్టే ఉంది. నాగరాజ్ చెప్పులు విప్పి వెనక్కి తిరిగిన క్షణం కళ్ళ ముందుకొచ్చింది. రెండో పేజీ మీద ఒక చుక్క పడి కాగితం తడిసింది. ఆయన పంచె కొంగుతో కాగితం ఒత్తి, అద్దాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తడిశాయి. భుజాలు ఎగిరిపడుతున్నాయి, జెరాక్స్ కోసం వచ్చినవాళ్ళు చూస్తున్నారు.

వినుత వెనక్కి తిరిగింది. "నిలిపేద్దామా అప్పా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, వేలు పెట్టిన చోటు పోగొట్టుకోకుండా, ఆగి ఆగి చెప్పాడు.

"వద్దమ్మా. కొట్టు. సున్న... చుక్క... సున్న... ఏడు."

వినుత తెర వైపు తిరిగి ఏడు కొట్టింది.